పలకలు తుడిచేది నేను, ఓటు లేనిదీ నేనే

1997 మే 18, ఆదివారం. మునిర్కా, ఢిల్లీ.

నా పేరు దాసరి సంతోషమ్మ. అరవై ఎనిమిదేళ్లు. నర్సు పని చేసే నా కూతురు రూతు, నేను ఒక గదిలో ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కగది కరుణ ఈ డైరీ రాస్తోంది.

మా బిల్డింగువాళ్లం ఎనిమిది ఇళ్లు కలిసి మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాం. వాడుకునేవాళ్లే యజమానులు, ఇంటికో ఓటు అన్నారు. అందరూ డ్యూటీలకు పోతే రోజూ పలకల మీద దుమ్ము తుడిచేది నేను.

పలకల కరెంటు అందరికీ చాలడం లేదని, ఇవాళ మీటింగులో మా గది ఫ్యాను లైను తీసేద్దామన్నారు. రూతు నైట్ డ్యూటీకి పోయింది. వద్దని నేను చెయ్యెత్తాను.

"దించండి ఆంటీ. మెంబరు మీ అమ్మాయి, మీరు కాదు," అన్నాడు సెక్రటరీ భాస్కర్రావు.

"మరి పలకలు తుడిచేటప్పుడు నేనెవర్ని నాయనా?"

"అచ్ఛా, అది మీ మంచితనం."

అందరూ నవ్వారు. మా లైను తీసేశారు.

తప్పు నాదీ ఉంది. మెంబర్ల పేర్లు రాసుకున్న రోజు అంతమంది ముందు వేలిముద్ర వెయ్యడానికి సిగ్గుపడి కూతురి పేరు చెప్పాను. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చే పిల్ల, మధ్యాహ్నం సర్కారు కరెంటు పోతే ఈ ఎండలో ఎలా పడుకుంటుందో...

రేపు మా ఇంటి ఓటు నా పేరున రాయమంటాను. రాసేదాకా గుడ్డ ముట్టను. యజమానులే ఎక్కి తుడుచుకోనీ.

సంతోషమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: కరుణ, ఆమె భర్త ప్రకాశం.