ఖాళీ మైదానంలో అత్తయ్యతో

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్య, నేను క్షేమం. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు గానీ, వేరే జబ్బేమీ లేదు. బదిలీ మీద వెళ్ళిన చోట మీకు దగ్గు తగ్గిందని తలుస్తాను.

మన పేట వేసవి సంబరం నా నెత్తిన ఎలా పడిందని అడిగారు. పేట సంఘం సమావేశంలో "ఎవరు చూసుకుంటారు?" అనగానే అందరూ తలలు దించుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ దించడం మరిచిపోయాను. అంతే.

ఆదివారమే సంబరం. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఏదో మరిచానని ఎవరికో ఒకరికి ఫోన్. టెంట్లవాడు విసుక్కున్నాడు: "అక్కా, ఇన్నిసార్లు ఫోన్ చేస్తే నేను మేకులెప్పుడు కొట్టాలి?" వాన వస్తే ఏం చేస్తావన్నారు కదా, బడి హాలు అడిగిపెట్టాను.

మొన్న ఉండబట్టక చక్రాల కుర్చీ ఒకటి అడిగి తెచ్చి, అత్తయ్యను కూర్చోబెట్టి, అలా కుర్చీలో వచ్చేవాళ్ళ ఇబ్బంది తెలుస్తుందని మైదానం గేటు నుంచి తోసుకెళ్ళాను. వేదిక దగ్గర కరెంటు తీగల్లో చక్రం ఇరుక్కుని కుర్చీ ఒరిగింది. "ఒసేయ్, నన్ను సంబరానికి తీసుకెళ్తున్నావా, సాగనంపుతున్నావా?" అని ఒకటే కేకలు. మరుగుదొడ్డి ఎక్కడో చూపిస్తే, "అంత దూరమా? వెళ్ళేలోపే పనైపోతుంది" అన్నారు. నవ్వాపుకోలేక చచ్చాను. తీగలు పైకెత్తించి, మరుగుదొడ్లు దగ్గరికి జరిపించాను.

సంబరం అయ్యాక మీ దగ్గరికి ఎప్పుడు బయల్దేరతారని రాశారు. ఆ సంగతికే వస్తున్నాను. ఫోన్లో చెప్పబోతే మీ గొంతు వినగానే టెంట్ల సంగతి చెప్పి పెట్టేస్తున్నాను. మేము కుర్చీతో పడ్డ పాట్లు పక్కపేట సంఘం పెద్దావిడ చూశారట. ఈ ఏడాదంతా వాళ్ళ కార్యక్రమాలు చూసుకోమని, జీతమిస్తామని అడిగారు. ఒప్పేసుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు వద్దనరు, "నీ ఇష్టం" అంటారు. ఆ మాట మీరనే తీరుకే నేను పెట్టె సర్దేసేదాన్ని.

మీరు లేక ఇల్లు బోసిగా ఉంది. రోజూ బెంగపడుతున్నాను. అయినా ఇన్నాళ్ళకు నాకంటూ చేతనైన పని దొరికింది, వదలబుద్ధి కావడం లేదు. అత్తయ్యకు చెబితే, "నేనూ ఇక్కడే ఉంటాలే. వాడికి మాత్రం నువ్వే చెప్పుకో" అని తప్పుకున్నారు. మీ జవాబు వచ్చేదాకా నాకు తిండి సహించదు.

కొత్తింట్లో వంటగదికి ఏ రంగు వేయించమంటావని అడిగారు. మీకు నచ్చిందే వేయించండి. ఈ ఏడాది అందులో వండుకునేది మీరే.

ఇట్లు,
భయంభయంగానే అయినా ఇక్కడే ఆగిపోయిన
మీ ఆవిడ