మీనమాసంలో మార్చి ముప్పై ఒకటి

మార్చి 3

టైల్స్ వచ్చాయి. మూడు నెలలుగా రేపూ ఎల్లుండీ అంటున్న లారీ ఈరోజు పెనుకొండలో మా ఇంటి ముందు ఆగింది. ఆయన హిందూపురంలో ఆఫీసులో, నేను ధర్మవరంలో బడిలో. చివరికి లారీ డ్రైవరే ఫోటో తీసి పంపాడు. సగం ఫోటో అతని వేలే. అయినా స్టాఫ్ రూంలో ఒక్కరినీ వదలకుండా చూపించాను.

మార్చి 5

ఆడిటర్ దగ్గరికి వెళ్లాం. నేను విన్నది నిజమే. మార్చి ముప్పై ఒకటిలోపు ఇల్లు పూర్తయిందని సర్టిఫికెట్ ఉంటే ఈ ఏడాది కట్టిన లోను వడ్డీకి పన్ను మినహాయింపు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఇద్దరికీ. ఒక్కరోజు దాటినా ఈ ఏడాదికి లేదు.

ఎనిమిదేళ్లు అద్దె కట్టాం హిందూపురంలో. ఇద్దరి ఉద్యోగాలకూ మధ్యలో పెనుకొండలో కట్టుకుందామన్నదీ నేనే, ఇద్దరి పేరా పెట్టమన్నదీ నేనే. మిగిలే పన్నుతో కాంపౌండు గోడ. అది లేకపోతే వీధి పందులతో కలిసి కాపురం...

మార్చి 8

అత్తమ్మ పంచాంగం చూపించుకొచ్చింది. "పద్నాలుగు నుంచి మీనమాసం. కొత్తింటి గడప దాటేదుండదు. ఆలోపల చేరల్ల, లేదంటే వైశాఖంలో."

ఆలోపల ఎలా... వంటింట్లో ఇంకా మట్టే. ఆయన మెల్లగా — "సర్టిఫికెట్టు వేరే, చేరేది వేరే మా."

"ఎవురు కాదన్న్యారు? కాయితం తెచ్చుకోండి. చేరేది మాత్రం వైశాఖంలోనే."

ఒప్పుకున్నట్టే. ఎంత సంతోషమో. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను.

మార్చి 11

టైల్స్ మేస్త్రీ రాలేదు. అగళిలో పెళ్లి, నాలుగు దినాలు రానన్నాడు. ఎవరి పెళ్లి అని గట్టిగా అడిగితే, "నాదే మేడమ్."

ఏమనాలి.

మార్చి 17

ఒంటిపూట బడులు. మధ్యాహ్నం రైలుకే పెనుకొండలో దిగిపోతున్నా. మేస్త్రీ వచ్చాడు. చేతుల గోరింటాకు ఇంకా పోలేదు, సిమెంటు పట్టుకున్నాడు. పాపమనిపించింది. "మేడమ్, ఇంగ వేగంగా ఏసేస్తా" అన్నాడు. పాపం పోయింది, హాలులో సగమే అయ్యింది మరి.

మార్చి 19

అత్తమ్మ పొద్దున నాతోనే రైలెక్కింది. "వాళ్లని నమ్ముకుంటే అయినట్టే" అని పెనుకొండలో దిగిపోయింది. మధ్యాహ్నం నేను వచ్చేసరికి ఎదురింటి నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది. గడప దాటదు. వీధిలోంచే అజమాయిషీ.

"లోపలికొచ్చి చూడవ్వా" అన్నాడు మేస్త్రీ.

"నేను రాను. ఏమబ్బా, ఆ మూల పలక ఎచ్చుగా ఉండాది, ఈడికే కనపడతాంది."

నిజంగానే ఎత్తుగా ఉంది. పీకి మళ్లీ వేశాడు. నేను ముందు వాకిలి వైపు అడుగేయబోతే నన్నూ వదల్లేదు — "యాడికి పోతాండావు? పెరటి దోవన పో. అది లెక్కకు రాదు."

మార్చి 24

వంటింట్లో నీళ్లు. కుళాయి తిప్పాను, ఆపాను, మళ్లీ తిప్పాను.

మార్చి 27

సర్టిఫికెట్ ఇచ్చే ఇంజనీరు ముప్పై ఒకటిన మూడింటికి వస్తానన్నాడు. అంతకుముందు వీలు కాదట. మేమిద్దరం ఇంట్లో నిలబడి ఫోటో దిగాలి, అతను దాన్ని ప్రభుత్వ వెబ్‌సైటులో ఎక్కించాలి. ఎక్కించిన తేదీయే సర్టిఫికెట్ తేదీ.

ఏ చీర? ఆయన నవ్వుతున్నాడు. నవ్వనీ.

మార్చి 30

తలుపు బిగించారు. పని అయిపోయింది. మా ఇల్లు... రాసుకుంటేనే కడుపు నిండిపోతోంది. నేను గెంతుతుంటే అత్తమ్మ వీధిలోంచి, "పిల్లకాయలకు లెక్కలు చెప్పేదానివి, కాస్త కుదురుగా ఉండు."

మార్చి 31

నాలుగు గంటలు. పెరటి దోవన దొంగల్లా మా ఇంట్లోకి మేమే వెళ్లాం. ఆయన ఇస్త్రీ చొక్కా, నేను ఆకుపచ్చ చీర. "నవ్వద్దు మేడమ్, ఇది పెండ్లి ఫోటో కాదు" అన్నాడు ఇంజనీరు. నవ్వు ఆగితే కదా.

నాలుగున్నర. సైటు తెరుచుకోవడం లేదు.

ఐదు. ఇంకా లేదు. ఇంజనీరు బ్యాగు సర్దుతున్నాడు. "రేపు పొద్దున్నే ఎక్కిస్తాలే సార్." రేపు ఏప్రిల్ ఒకటి అని ఆయన చెబుతున్నాడు, ఇతను తల ఊపుతూనే బ్యాగు జిప్పు లాగుతున్నాడు. నాకు ఏడుపొస్తోంది.

ఐదుంబావు. ఆ మాటలు వీధిలోకి వినబడ్డట్టున్నాయి. అత్తమ్మ వచ్చేసింది. ముందు వాకిలి తోసుకుని, కుడికాలో ఎడమకాలో కూడా చూసుకోకుండా వచ్చి ఇంజనీరుకు అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా, యాడికి? నా కోడలు నెల దినాల నుంచి ఈ ఇంటి సుట్టూ తిరుగుతాంది. పనైనంకనే పోదువు, కూచో."

అతను బ్యాగు దించి కూర్చున్నాడు. ఆయన, నేను ఆమె పాదాల వంకే చూస్తున్నాం. అప్పుడు తెలిసిందామెకు, తను ఎక్కడ నిలబడిందో. కాసేపు ఇల్లంతా కలయజూసింది. హాలు, వంటిల్లు, కిటికీలు.

"అయిపాయ," అంది నెమ్మదిగా. "వచ్చేసినా గదా."

ఆరు కావస్తోంది. ఇంజనీరు మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అత్తమ్మ కూర్చోలేదు, బయటికీ పోలేదు. కొంగు నడుముకు దోపుకుంటూ ఆయన్ని అడుగుతోంది — "రేయ్, ఈడ పాలంగడి యాడుండాది?"