ఒక్క లక్ష్మే మిగిలింది

పలమనేరు

నాయనకు, సుజాత నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి, అమ్మ దగ్గు ఎలా ఉన్నాయి? ఫోన్లో నీకు సరిగా వినపడదు, అమ్మకు చెబితే ఏడుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ చలి ఎక్కువ. మన వడమాలపేట ఉక్కపోతను తిట్టుకున్నదాన్ని, ఇప్పుడు అదే కావాలనిపిస్తోంది. ఒక్కదాని కోసం వండుకోబుద్ధి కాదు. అయినా తింటున్నాను, దిగులుపడొద్దు.

బడిలో సైన్సు సారూ, సోషల్ సారూ, లెక్కల టీచరుగా నేనూ కలిసి పిల్లల చేత ఒక ప్రాజెక్టు చేయించాం. ఎవరింటి ఆవు ఏం మేసింది, ఎన్ని పాలిచ్చింది, వాన పడిందా లేదా, రోజూ కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ డేటాబేస్ తయారు చేసింది నేనే. ఆవు పేరుతోనే వివరాలు దాచేలా పెట్టాను. ఒకే రోజు అదే పేరు మళ్లీ కొడితే పాతది పోయి కొత్తది నిలుస్తుంది. తప్పు దిద్దుకోవడానికి పనికొస్తుందనుకున్నాను. కాగితం మీద రాయొద్దని చెప్పిందీ నేనే.

మొన్నామధ్య రేవతి అనే పిల్ల పరుగున వచ్చింది. "టీచర్, మా లక్ష్మి పడుకోని లేస్తా లేదు. పాలు ఎప్పట్నించి తగ్గినాయి, మేత ఎప్పుడు మానింది అని పశువుల డాక్టరు అడగతా ఉండాడు. అంతా కంప్యూటర్లో ఉండాది గదా, సూసి చెప్పండి" అంది.

లక్ష్మి అని కొట్టాను. ఒక్క లక్ష్మే వచ్చింది, పాలు దండిగా ఇస్తున్న లక్ష్మి.

"ఇది మాది కాదు టీచర్. మా ఆవుకి అన్ని పాలు యాడివి?"

అప్పుడు తెలిసింది నాయనా. క్లాసులో సగం ఇళ్లలో ఆవు పేరు లక్ష్మే. మనింట్లోదీ లక్ష్మే కదా, నాకెందుకు తోచలేదో. రోజూ ఆఖరున కొట్టినవాళ్ల లక్ష్మి నిలిచి, మిగతావన్నీ చెరిగిపోయాయి.

డాక్టరు తనకు తోచిన సూది వేశాడు. సాయంత్రానికి ఆవు పోయింది. తెలిసినా బతికేది కాదని సైన్సు సారు అంటున్నాడు. నిజమో, నన్ను ఊరడించడానికో. రేవతి వాళ్లమ్మ "మీరేం జేస్తారు టీచరమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆవులకు నంబర్లు ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాం. రేవతి కూడా వరుసలో నిలబడింది. "మా లక్ష్మికి గూడా ఒక నంబరెయ్యండి టీచర్" అంది. ఇచ్చాను.

వీలైతే అమ్మ చేత చింతకాయ తొక్కు పంపించు. పెద్దమ్మకు, పెదనాయనకు నా నమస్కారాలు చెప్పు. మన లక్ష్మికి వేళకు మేత వేయి. నన్ను దీవించు.

రేవతి రోజూ వచ్చి ఆ నంబరు తెరుస్తుంది. కొట్టడానికి ఏమీ ఉండదు. కాసేపు చూసి, మూసి వెళ్లిపోతుంది. ఏం చెప్పి మాన్పించాలో నాకు తెలియడం లేదు నాయనా.

నీ కూతురు,
సుజాత