ఇంగ్లండ్ రాణి కాదు

సెప్టెంబర్ 8, 2022, గురువారం. ఉదయం 9

ఏడున్నరకి లండన్ నుంచి ప్రకటన వచ్చింది. రాణిగారి ఆరోగ్యం గురించి డాక్టర్లు ఆందోళన పడుతున్నారట. ఎనిమిదికల్లా మేం చూడాల్సిన పోస్టుల క్యూ మూడింతలైంది.

అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, నీ ఉద్యోగం ఏమిటే అని. జనం సోషల్ మీడియాలో రాసినవి చదివి, రూల్ దాటినవి తీసెయ్యడం. ఇంతే. అమెరికాలో ఎవరు తెలుగులో ఏం రాసినా మోరిస్‌విల్‌లో ఈ కుర్చీలోకే వస్తుంది. మాస్టర్స్ చేసింది డేటా సైన్స్‌లో. కాంట్రాక్ట్ డిసెంబర్ దాకా.

మా లీడ్ దేవ్ మెయిల్ పెట్టాడు. అధికారికంగా చెప్పేదాకా రాణి చనిపోయిందన్న ప్రతి పోస్టూ హోక్స్, అంటే పుకారు కింద లెక్క. తీసెయ్యాలి. పెట్టిన పేజీని లాక్ చెయ్యాలి.

మధ్యాహ్నం 1.45

పోయింది. ఒకటిన్నరకి ప్రకటించారు.

ఐదు నిమిషాల్లో రూల్ తిరగబడింది. పదకొండింటికి అబద్ధమైనది ఇప్పుడు నిజం. పొద్దున్నుంచి నేను తీసేసిన వాటి సంగతేమిటని దేవ్‌ని అడిగాను. అప్పీల్ చేసుకుంటే అప్పుడు చూద్దామన్నాడు. అతనూ పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

సెప్టెంబర్ 9

కొత్త రూల్. చావుకి సంతోషం వెలిబుచ్చవచ్చు. కుటుంబ సభ్యుల్ని ట్యాగ్ చేసి వెలిబుచ్చకూడదు.

తెలుగువాళ్ళు ఇంత రాస్తారని తెలీదు. డాలస్‌లో ఒకాయన, మా తాతని జైల్లో పెట్టింది వీళ్ళే, ఇవాళ మా ఇంట్లో పాయసం అని ఫొటో పెట్టాడు. ఉంచాను. ఒకావిడ, మా నాన్నమ్మ పోయినట్టుంది అని రాసింది. కింద నలభై మంది ‘బానిస బుద్ధి’ అన్నారు. ఉంచాను. ఇద్దరు ఆవిడ ఫోన్ నంబర్ పెట్టారు. తీసేశాను. కోహినూర్ మా గుంటూరు జిల్లాది, కొల్లూరు గనిది, తిరిగిచ్చేయండి అని వంద పోస్టులు. ఒకతను అడిగాడు, ఆ కొల్లూరు పులిచింతల నీళ్ళలో మునిగింది కదా, తెచ్చి ఎక్కడ పెడతారు అని. వాణ్ణి అందరూ కలిసి తిట్టారు.

ఇంటికొచ్చేసరికి రిషిత టీవీ ముందు కూర్చుని ఏడుస్తోంది. నా రూమ్మేట్, కరీంనగర్ పిల్ల. వాళ్ళ అమ్మమ్మ పోయినప్పుడు వెళ్తే మళ్ళీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న భయంతో ఇండియా వెళ్ళలేదు. గామె పోతే నాకేంది, ఎందుకేడుస్తున్ననో నాకే తెల్వదు అంది.

నాకు ఏడుపు రాలేదు. కళ్ళు మండుతున్నాయి, అది స్క్రీన్ వల్ల.

సెప్టెంబర్ 11

ఇండియాలో ఇవాళ జెండాలు సగానికి దించారు. దాని మీద మళ్ళీ ఎనిమిది వందల పోస్టులు.

సెప్టెంబర్ 13, మంగళవారం

వరుసగా రాయాలి.

పదింటికి ఒక అప్పీల్ వచ్చింది. తెలుగులో. కాపీ చేసుకోవడానికి లేదు కానీ ప్రతి మాటా గుర్తుంది.

“అయ్యా, మీరు తీసేసింది మా ఆవిడ చావు వార్త. ఇంగ్లండ్ రాణిగారిది కాదు. ఆవిడకి టీవీలున్నాయి. మా ఆవిడకి ఈ పేజీ ఒక్కటే ఉంది. దయచేసి తెరవండి. సత్యం, అల్ఫారెట్టా, జార్జియా.”

కింద అసలు పోస్టు. ఎనిమిదో తారీకు, ఉదయం 10.40. పైకి కనిపించే రెండు వరుసలు ఇవి: “రాణి ఈ ఉదయం కన్నుమూసింది. అందరూ ఆమె ఆత్మశాంతికి ప్రార్థించండి.” దాని కింద ‘see more’. ఆ రోజు నొక్కలేదు. ఇవాళ నొక్కాను.

“నా భార్య రాణి ఇరవై రెండేళ్ళుగా మీ అందరికీ జాకెట్లు కుట్టింది. మీ పెళ్ళిళ్ళకీ, మీ పిల్లల ఓణీల ఫంక్షన్లకీ కుట్టింది. శనివారం ఉదయం పది గంటలకి చివరి చూపు. ఆమె ఫోన్ లాక్ నాకు తెలియదు. మీ నంబర్లు నా దగ్గర లేవు. దయచేసి ఒకరికొకరు చెప్పుకుని రండి.” ఫ్యూనరల్ హోమ్ అడ్రస్. ఆయన నంబర్. ఆవిడ కుట్టుపని పేజీకి రెండు వేల మూడు వందల మంది ఫాలోయర్లు.

ఆ పోస్టు మీద నేను గడిపింది పన్నెండు సెకన్లు. సిస్టం రాసి పెట్టింది.

పేజీ తెరిచాను. దేవ్‌కి చెప్పాను. అతను ఇట్స్ నాట్ యువర్ ఫాల్ట్, పోస్టుల వాల్యూమ్ అలాంటిది అన్నాడు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, యూజర్‌ని కాంటాక్ట్ చేస్తే అదే రోజు టెర్మినేషన్, తెలుసుగా అన్నాడు.

తెలుసు. శనివారం అయిపోయి మూడు రోజులైంది.

సెప్టెంబర్ 14

ఫోన్ చేశాను.

లంచ్‌లో, పార్కింగ్ లాట్‌లో, కార్‌లో కూర్చుని. నంబర్ నోటికొచ్చేసింది, అదే నా ఖర్మ. రెండో రింగ్‌కే ఎత్తారు. కంపెనీ నుంచి అని చెప్పాలనే చేశాను. నోట్లోంచి వేరే వచ్చింది. నేను రాణి ఆంటీ కస్టమర్‌ని, నాకూ ఓ జాకెట్టు కుట్టారు, ఇవాళే పేజీలో చూశాను, శనివారం రాలేకపోయాను, సారీ అంకుల్ అన్నాను.

ఏ రంగు జాకెట్టమ్మా అని అడిగారు.

నెమలికంఠం రంగు అన్నాను. ఎందుకన్నానో.

ఇక ఆయన ఆగలేదు. పాతికేళ్ళ కిందట నరసరావుపేట నుంచి కుట్టుమిషన్ తలకాయ సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకుందట ఆవిడ. ఎనభై కుర్చీలు వేయించారట శనివారం. ఏడుగురు వచ్చారట, అందులో ఇద్దరు ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు. ఇప్పుడు ఇంట్లో ముప్పై నాలుగు జాకెట్టు ముక్కలు ఉన్నాయట, ఏది ఎవరిదో తెలీదు, ఆవిడకి రంగు చూస్తే మనిషి గుర్తొచ్చేది. పేరు అడిగారు. దేదీప్య అన్నాను. పుస్తకంలో చూస్తాలే, నీ కొలతలు ఉంటాయి అన్నారు.

ఎందుకు అబద్ధం చెప్పాను?

సెప్టెంబర్ 15

లండన్‌లో రాణిగారిని చూడటానికి నాలుగు మైళ్ళ లైను. నిలబడ్డ తెలుగు కుర్రాడొకడు గంటగంటకీ పోస్టు పెడుతున్నాడు. ఐదో గంట, కాళ్ళు పోయాయి. ఏడో గంట, వెనక ముసలాయన బిస్కెట్ ఇచ్చాడు. అతని పోస్టులన్నీ నాకే వస్తున్నాయి, ఇక్కణ్ణుంచి ఎవరో కావాలని రిపోర్ట్ కొడుతున్నారు. అన్నీ చివరిదాకా చదువుతున్నాను. స్పీడ్ స్కోర్ పడిపోయింది. దేవ్ రెండుసార్లు ఇటు చూశాడు.

రిషితకి అంతా చెప్పాను. నోరు మూస్కొని కూసో అంది. ఓపీటీలో, చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్‌లో, ఉద్యోగం లేకుండా తొంభై రోజులే ఉండొచ్చు, నువ్వు మొదట్లోనే నలభై వాడేసినవ్ అని వేళ్ళు లెక్కపెట్టి చూపించింది. అన్నం పెట్టుకుని తినలేకపోయాను. నాలుగుసార్లు లేచి గదిలో తిరిగాను.

తొమ్మిదికి మళ్ళీ ఆయనకి ఫోన్ చేశాను. పేజీ తెరుచుకుంది కదా అంకుల్, పదకొండో రోజు గురించి పెట్టండి అన్నాను.

అక్కర్లేదమ్మా అన్నారు. “చూసి కూడా రాని వాళ్ళని రెండోసారి పిలవడం దేనికి? చచ్చిపోయిన మనిషికి మర్యాద లేదా?”

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. వాళ్ళకి తెలిసుండదు, ఒక్కసారి పెట్టండి, జాకెట్టు ముక్కలు తీసుకెళ్ళమనైనా పెట్టండి అని బతిమాలాను.

సెప్టెంబర్ 16

పెట్టారు. మూడు లైన్లు. ఆదివారం పన్నెండింటికి భోజనాలు, ముక్కలు ఎవరివి వాళ్ళు గుర్తుపట్టి తీసుకెళ్ళగలరు. గంటలో రెండు వందల కామెంట్లు. అయ్యో మాకెవరూ చెప్పలేదే అని. నిన్న కూడా ఆంటీకి వాట్సప్ పెట్టాను, రిప్లై రాలేదేంటా అనుకున్నాను అని ఒకమ్మాయి.

పని చేసుకుంటూ అన్నీ చదివాను. ఒక్కటీ నాకు రివ్యూకి రాలేదు. ఊరికే చదివాను.

సెప్టెంబర్ 18, ఆదివారం. సాయంత్రం 5, గ్యాస్ స్టేషన్, గ్రీన్‌విల్ దాటాక

కార్‌లో రాస్తున్నాను. ఇంకా మూడున్నర గంటల డ్రైవ్ ఉంది. ఇప్పుడు రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాను. అల్ఫారెట్టా చేరేసరికి పదకొండు. వాళ్ళ కాలనీ మొదట్లోనే ఆగాల్సి వచ్చింది, రెండు వైపులా కార్లు. ఆడవాళ్ళు, పిల్లలు, మొగుళ్ళు. చాలామంది ఆవిడ కుట్టిన జాకెట్లే వేసుకొచ్చారు. ఎవరూ చెప్పుకోలేదట, ఎవరికి వాళ్ళకే తోచిందట. గరాజ్‌లో తాడు కట్టి ముప్పై నాలుగు ముక్కలూ వేలాడదీశారు. ఒకావిడ ఎర్ర ముక్క పట్టుకుని గోడకానుకుని ఏడుస్తోంది. హుక్కులు కుట్టడమే మిగిలిందట.

సత్యంగారు పొట్టిగా ఉన్నారు. గొంతు విని పొడుగనుకున్నాను. ఒడిలో కొలతల పుస్తకం. కూతురు నిధి పక్కనే నిలబడింది, సియాటిల్ నుంచి వచ్చిందట, ముప్పై అయిదేళ్ళుంటాయి. నువ్వు కూడా అమ్మ కస్టమరా అని అమెరికన్ యాసలో అడిగింది. నా పేరు చెప్పగానే ఆయన లేచి, ఇంటి వెనక చెక్క డెక్ మీదకి రమ్మన్నారు.

“పుస్తకంలో నీ పేరు లేదమ్మా,” అన్నారు. “బుధవారమే తెలిసింది. రెండుసార్లు చూశాను.”

“మరి ఎందుకు నాతో మాట్లాడారు?”

“ఎవరో ఒకరు ఫోన్ చేశారు గదా.”

అప్పుడు చెప్పాను. నిలబడే. ఎక్కడ పనిచేస్తానో, ఆ రోజు రూల్ ఏమిటో, నేను దేన్ని నొక్కలేదో. రూల్ గురించి ఎక్కువ చెబుతున్నానని మధ్యలో నాకే అర్థమై ఆగిపోయాను.

“ఎంతసేపు చూశావు?” అన్నారు.

“పన్నెండు సెకన్లు.”

ఆయన పుస్తకం మూశారు. లోపల ఎవరో విస్తళ్ళు వేస్తున్నారు, ఆ మాటలు వినపడుతున్నాయి. నిధి తలుపు దగ్గర నిలబడి అంతా వింది. “ఎనభై కుర్చీలు,” అంది నాతో. “నాన్న ఒక్కొక్కటీ చూశాడు. ప్రతి కుర్చీ చూశాడు. నీకు తెలుసా అది?” తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మాత్రం వేరే సంగతి మొదలుపెట్టారు.

“సోమవారం గ్రోసరీ స్టోర్‌కి వెళ్ళాను. ఒకమ్మాయి ఎదురొచ్చింది. అంకుల్, నా ఆకుపచ్చ జాకెట్టు అయిందా, ఆంటీ ఫోన్ ఎత్తట్లేదు అంది. అందరి ముందూ అరిచాను. మనిషి చస్తే రారు గానీ జాకెట్టుకి వస్తారా, సిగ్గు లేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ పిల్ల కూరగాయలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. పోస్టు తీసేశారని తెలుసు గానీ, అందరూ చూశాకే తీశారనుకున్నాను. దానికి చచ్చిపోయిందనే తెలీదు, ఇప్పుడు నువ్వు చెబితే తెలుస్తోంది.” చేత్తో మొహం రుద్దుకున్నారు. “వారం రోజుల నించి వీళ్ళందర్నీ పేరుపేరునా తిట్టుకున్నానమ్మా. పుస్తకం చూసి మరీ తిట్టాను.”

నేను సారీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అప్పుడు విన్నాను.

“నీ మీద కోపం వస్తోంది,” అన్నారాయన. “వస్తుంది, ఇంకా చాలా రోజులు వస్తుంది. అయినా పొద్దున ఎప్పుడో బయల్దేరి ఉంటావు. భోంచేసి వెళ్ళు.”

తిన్నాను. పక్కన కూర్చున్నావిడ నాకు గారె వేస్తూ, మీకేం కుట్టారు రాణిగారు అని అడిగింది. ఏమీ కుట్టలేదండీ అన్నాను.

సెప్టెంబర్ 19, సోమవారం

అంత్యక్రియలు ఉదయం ఆరింటికి మన టైమ్. సర్జ్, పోస్టులు వెల్లువెత్తుతాయి అని అందర్నీ ఐదున్నరకే రమ్మన్నారు. గోడ మీద టీవీలో శవపేటిక మీద కిరీటం. ఆఫీసులో ఎవరూ మాట్లాడటం లేదు. క్యూ మాత్రం గోల పెడుతోంది.

రెండు నిమిషాల మౌనం పాటించాక దేవ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఫోన్ చేశాను, వెళ్ళాను కూడా అని. ఇది నాకెందుకు చెప్పావు అన్నాడు, నిజంగా బాధగా. నేను చెప్పకపోతే అతను ఎప్పటికీ పట్టుకోలేడు. అది నిజమే. కానీ ఇంకో అబద్ధం మొయ్యడం నావల్ల కాలేదు.

తొమ్మిదికి హెచ్ఆర్. తొమ్మిదిన్నరకి బ్యాడ్జ్ ఇచ్చేశాను. టీవీలో శవపేటిక కారు ఇంకా రోడ్డు మీదే ఉంది.

సెప్టెంబర్ 21

పదిహేడు అప్లికేషన్లు పెట్టాను. రిషిత నాతో మాట్లాడటం లేదు. కానీ నా రెజ్యూమె తనే కూర్చుని దిద్దుతోంది.

సెప్టెంబర్ 23, శుక్రవారం

సత్యంగారి ఫోన్. ముక్కలన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళారట, ఆకుపచ్చది తప్ప. గ్రోసరీ స్టోర్‌లో తిట్లు తిన్న ఆ అమ్మాయి ఆదివారం రాలేదు. అడ్రస్ సంపాదించారట. తీసుకెళ్ళి ఇవ్వాలట, ఒక్కరే ఆ తలుపు కొట్టడానికి కాళ్ళు రావడం లేదట. నిధి సియాటిల్ వెళ్ళిపోయింది.

రేపు వస్తావా అన్నారు.

నాలుగున్నరకి అలారం పెట్టాను.