మల్లిక చెరిపిన అంకె

బుధవారం, రాత్రి

ఈ రోజు దీవిలోని మా బడి నుంచి ఆఖరి పడవలో వచ్చాను. సూళ్లూరుపేటలో గదికి చేరేసరికి చీకటి పడింది. మనసు మాత్రం ఇంకా మల్లిక దగ్గరే ఉంది.

సైన్సు ఫెయిర్ కోసం ఆ పిల్ల దీవిలోని మూడు బావుల నీళ్ళు ఒక్కో గ్లాసు మరిగించి, అడుగున మిగిలిన ఉప్పు తూచింది. దీవి చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సుకు అన్నిటికంటే దూరంగా ఉన్న బావిలోనే ఉప్పు ఎక్కువ వచ్చింది. నిన్న చార్టు చూసి, "గిన్నెలు తారుమారు చేసుంటావు, ఆ అంకె సరిచెయ్యి" అన్నాను. వెంటనే చెరిపి, తక్కువ వేసింది.

సాయంత్రం పడవకు వస్తూ దాహమేసి ఆ బావి దగ్గరే ఆగాను. నీళ్ళు తోడుకుంటున్న ఒకామె వారించింది.

"తాగబాకమ్మా, ఒకటే ఉప్పు. మేం అంట్లు తోమేదానికే వాడేది."

వెనక్కి తిరిగి బడికి వెళ్ళాను. మల్లిక ఇంకా చార్టుకు రంగులు వేస్తోంది.

"ఆ బావి నీళ్ళు ఉప్పని నీకు తెలుసా?"

"తెలుసు టీచర్. మా ఇల్లు ఆడనే గదా."

"మరి ఎందుకు చెరిపినావు?"

"మీరు చెప్పినారు గదా టీచర్."

తప్పు నాదేనన్నాను. తను తూచిందే రాయమన్నాను. ఇన్నేళ్ళూ పిల్లలకు ప్రయోగాలు నేర్పుతున్నాననుకున్నాను. నా మాట వినడమే నేర్పానేమో.

మల్లిక పెన్ను తీసుకుంది. అంకె వేసేముందు, వెయ్యమంటారా అన్నట్టు మళ్ళీ నా ముఖంలోకే చూసింది.