వెతికితే సార్ దొరకాలి

సెప్టెంబర్ 8, ఆదివారం

చర్చి నుంచి నేరుగా పద్మనాభయ్య గారింటికి వెళ్ళాం, నేనూ మా ఆయన సుశీలూ. గొంతు ఆపరేషన్ తర్వాత ఆయన్ని చూడడం ఇదే మొదటిసారి. మెడ చుట్టూ తెల్ల గుడ్డ. మాట లేదు. ఇక రాదట. వాళ్ళావిడ చెంచులక్ష్మమ్మ గారు ఆ సంగతి మామూలుగా చెప్పి, కాఫీ పెట్టడానికి లేచారు.

వాకాడు చుట్టుపక్కల రొయ్యల గుంటలు చేసేవాళ్ళలో ఆయన నంబర్ లేనివాళ్ళు లేరు. మత్స్యశాఖలో రిటైరయ్యాక కూడా ఫోన్‌లోనే సలహాలు చెప్పేవారు. మా మొదటి పంటలో రొయ్యలు చస్తుంటే మా ఆయన ఏడుస్తూ ఫోన్ చేశాడు. సార్ అప్పుడు ఎవరిదో పెళ్ళి పందిట్లో ఉన్నారు. "ముందు ఏడుపాపు. నీళ్ళు ఏ రంగులో ఉండాయో చెప్పు" అన్నారు. ఆ పంట నిలిచింది. మేమూ ఈ ఊళ్ళో నిలిచాం.

ఇవాళ మేం ఉన్నంతసేపూ ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. స్క్రీన్ వైపు చూస్తారు. తీయరు.

సెప్టెంబర్ 9

నిద్ర లేస్తూనే గుర్తొచ్చింది. సార్‌కు వెబ్‌సైట్ ఉంది! ఎవరేం అడిగారో, తనేం చెప్పారో ఏళ్ళ తరబడి అందులో రాశారు. కూర్చుని చూశాను. ప్రతి పేజీకీ ఒకటే టైటిల్, "ఒక రైతు ప్రశ్న". కిందికి వెళ్ళేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఏది ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

ఇంట్లో కూర్చుని ఊరందరికీ వెబ్‌సైట్లు చేసిపెడతాను. దీనికొక సెర్చ్ పెట్టలేనా?

సెప్టెంబర్ 11

పెట్టేశాను. రెడీమేడ్ సెర్చ్ బాక్స్, ఉచితం. సార్ సైట్ అడ్రస్ ఇచ్చి, ఇందులోనే వెతకాలి అని సెట్ చేయడమే. టీ చల్లారేలోపు అయిపోయింది. రైతుల వాట్సాప్ గ్రూప్‌లో గర్వంగా లింక్ పడేశాను.

సెప్టెంబర్ 14

ఎంత తెలివితక్కువదాన్ని!

వెంకటశేషమ్మక్క మా పక్క గుంట కౌలుకు చేస్తోంది. పొద్దున్నే ఒక మందు డబ్బా పట్టుకుని వచ్చింది. "సార్ రాసిన మందే తెచ్చినా. నీళ్ళల్లో ఎట్లా కలపాల్నో చూసి చెప్పమ్మే" అంది. సార్ జన్మలో అలాంటి మందు చెప్పి ఉండరు. ఫోన్ తీసుకుని చూశాను. నా బాక్స్‌లో ఫలితాల పైన వచ్చిన యాడ్ అది. ఉచితం కదా, యాడ్స్ వాళ్ళిష్టం. అక్కకు మాత్రం అన్నీ సార్ మాటలే.

డబ్బా మూత తీయలేదు కాబట్టి సరిపోయింది. తీసి ఉంటే? బాక్స్ అప్పటికప్పుడే పీకేశాను.

సెప్టెంబర్ 15

సార్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఫోన్‌లో టైప్ చేసి చూపించారు: "నన్ను నమ్మి కొన్నది. ఆ నమ్మకం చెడకూడదు. యాడ్స్ లేకుండా చేయగలవా?"

చేస్తానన్నాను. చేయగలనో లేదో నాకే తెలియదు.

అక్టోబర్ 2

సొంత సెర్చ్ ఇంజన్ తయారైంది. సార్ పేజీలన్నీ ఇండెక్స్ చేశాను. ఆయన మాటలు తప్ప ఇంకేమీ రావు. కానీ కొత్త తలనొప్పి. సార్ రాసింది పుస్తకాల తెలుగు. ఆయన "ప్రాణవాయువు లోపం" అని రాస్తే రైతు "రొయ్యలు తేల్తుండాయి" అని వెతుకుతాడు. ఇంకొకరు అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఫలితాలు సున్నా.

అందుకే జవాబు దొరకని ప్రశ్నలన్నీ ఒకచోట చేరేలా పెట్టాను. వాటిని సార్‌కు చూపిస్తే ఏ మాటకు ఏ పేజీ చూపాలో టైప్ చేసి ఇస్తున్నారు. ఎక్కడైనా ఆగితే వంటింట్లోంచి చెంచులక్ష్మమ్మ గారు అందుకుంటారు. "రొయ్య గుల్ల మెత్తబడిందంటే అదేనండీ, మనుబోలు రైతు రోజూ ఫోన్లో అడిగేది." ఆ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉండేదట.

అక్టోబర్ 5

ఇవాళ సార్ నవ్వారు. శబ్దం లేదు, అయినా నవ్వే.

అక్టోబర్ 16, ఉదయం

రెండు రోజులుగా ఒకటే వాన. సుశీల్ జనరేటర్‌కు డీజిల్ తేవడానికి పోయాడు. వెంకటశేషమ్మక్క ఫోన్. "లిల్లీ, రొయ్యలన్నీ గట్టుకొచ్చి తేల్తుండాయి. సార్ పలకడు గదమ్మే, నేనేం జేసేది?"

ఇప్పుడు నాతో చెప్పిన మాటే మైక్ బొమ్మ నొక్కి కొత్త సెర్చ్ బాక్స్‌కు చెప్పమన్నాను. గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను.

నేను చేరేసరికి నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి. అక్క వానలోనే నిలబడి, ఫోన్‌ను కొంగు కింద పెట్టుకుని పైకి చదువుతోంది. సార్ ఎప్పుడో రాసిన జవాబు. "మేత వెంటనే ఆపండి. ఏరేటర్లన్నీ వేయండి. భయపడి ఏ మందు పడితే ఆ మందు పోయకండి."

సాయంత్రం

గట్టు వెంట కొన్ని చచ్చి పడ్డాయి. మిగతావి మెల్లగా లోపలికి దిగాయి. పంట దక్కింది. అక్క గట్టు మీద కూలబడింది. "సార్ పక్కన నిలబడి కేకలేసినట్టే ఉండాదమ్మే" అని నవ్వింది, ఏడ్చింది. నేనూ అంతే.

రాత్రి ప్రార్థనలో ఏమీ అడగాలనిపించలేదు. థాంక్స్ చెప్పుకుని లేచాను.

అక్టోబర్ 20

సార్‌కు అంతా చెప్పాను. వింటూ వింటూ కిటికీ వైపు తిరిగిపోయారు. తర్వాత ఫోన్ అందుకుని ఒక్కటే టైప్ చేశారు: "ఎన్ని రొయ్యలు మిగిలినా మంచిదే. ఆమె ధైర్యం మిగిలింది."

నన్ను గేటు దాకా సాగనంపుతూ చెంచులక్ష్మమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ ఫోన్ మోగితే మొహం తిప్పుకునేవారు. ఇప్పుడు పొద్దున లేస్తూనే, ఎవరేం వెతికినారో చూడాలని ఫోన్ అడగతా ఉండారమ్మా" అన్నారు. నేను ఆయన రుణం తీర్చుకుంటున్నాననుకున్నాను. ఎక్కడ తీరుతుంది, ఇంకా పెరిగింది.

నవంబర్ 3

జవాబు దొరకని ప్రశ్నల్లో ఇవాళ ఒకటి కొత్తది. "పద్మనాభయ్య సారు బాగుండారా." ఎవరు అడిగారో తెలియదు.

సార్‌కు చూపించాను. నా చేతిలోంచి ఫోన్ అందుకుని మళ్ళీ చదువుకున్నారు. తర్వాత సైట్‌లో ఆయనే ఒక కొత్త పేజీ పెట్టారు. అందులో ఒకటే మాట.

బాగుండాను.

ఇప్పుడు వెతికితే వస్తుంది.