తొమ్మిదో పన్ను

ఆదివారం

అక్కకు,

బోసినోటి తమ్ముడి నమస్కారాలు.

పళ్ల డాక్టరు గదిలో నువ్వు నా పక్కన కూర్చుని, ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లి ఇవాళ్టికి పది రోజులు. మొన్న ఫోను చేస్తే నా మాట ఒక్క ముక్క అర్థం కాక "ఎవరండీ, రాంగ్ నంబరు" అని పెట్టేశావు. పైవరసలో ముందు పళ్లన్నీ పోయాయి కదా, నోరు తెరిస్తే గాలి తప్ప అక్షరం రావడం లేదు. కట్టుడుపళ్లు వచ్చేదాకా మనకు ఉత్తరాలే గతి.

అసలు సంగతి దగ్గు. పళ్లు తీయించుకున్న మూడో రోజు పట్టుకుంది. ఊపిరి వదులుతుంటే కుడివైపు సన్నగా ఈల కూడా వినిపిస్తోంది. నిన్న షాపులో ఓ పెద్దాయన తన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "బాగుచేయమని ఇస్తే దీనికి కూత నేర్పారేమిటండీ?" అన్నాడు. కూసింది నేను.

నా పద్ధతి నీకు తెలుసు. నలభై ఏళ్లుగా గడియారం విప్పితే ప్రతి ముక్కా లెక్కపెట్టి మూతలో పెడతాను. బిగించేటప్పుడు ఒక్కటి మిగిలినా, ఒక్కటి తగ్గినా ఆ గడియారం గుమ్మం దాటదు. అందుకే తీసిన పళ్లన్నీ డబ్బాలో వేసి ఇమ్మని డాక్టరును ముందే అడిగాను. నిన్న ఆ డబ్బా తెరిచి బల్లమీద పేర్చి చూశాను. చిగుళ్లలో గుంటలు తొమ్మిది. డబ్బాలో పళ్లు ఎనిమిది.

ఆ కుర్చీలో ఉండగా నాకు పొలమారింది, గుర్తుందా? తొమ్మిదో పన్ను నా ఊపిరితిత్తిలో ఉందక్కా.

నీ తమ్ముడు

తా.క. తప్పిపోయింది మూల చెక్కుకుపోయిన ముందు పన్ను. మిగతావన్నీ బుద్ధిగా డబ్బాలో కూర్చుంటే అదొక్కటే పారిపోయింది. దానికి చిన్నప్పటినుంచీ క్రమశిక్షణ లేదు.


గురువారం

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అర్హత ఉందనిపిస్తేనే తీసుకో.

ముప్పై రెండేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా పనిచేశాను. లెక్కల పుస్తకం వానలో కొట్టుకుపోయిందన్న వాళ్లను చూశాను. పరీక్ష రోజే బామ్మ పోయిందని ఏడాదికి మూడుసార్లు ఏడ్చినవాణ్ని చూశాను. తన పన్ను తానే పీల్చేశానన్నవాణ్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను.

దగ్గుకీ ఈలకీ పన్నెందుకురా? సిగరెట్టు చాలు. మళ్లీ మొదలెట్టావు. నాన్న ఆ మంచంమీద ఊపిరందక కొట్టుకుంటూ ఉంటే చెయ్యి పట్టుకుని "ఇంక ముట్టను నాన్నా" అన్నావు. ఆ గదిలో నేనూ ఉన్నాను. పదకొండేళ్లయింది, ఆయన దగ్గు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

ఆ పన్ను నీ లోపల లేదు. లేదంటే లేదు. ఎలా తెలుసని అడక్కు.

అక్క

తా.క. ఉతికే ముందు నీ చొక్కాలు వాసన చూడమని మరదలికి నా మాటగా చెప్పు.


మంగళవారం

అక్కకు,

దగ్గు కాస్త సందిచ్చింది కనుక రాస్తున్నాను.

నీ మాట పట్టుకుని నీ మరదలు ఇంట్లో ఉన్న చొక్కాలన్నీ వాసన చూసింది. గడియారాల నూనె తప్ప ఏమీ దొరకలేదు. ఇప్పుడు నేను షాపునుంచి రాగానే గుమ్మంలో నిలబెట్టి నన్నే వాసన చూస్తోంది. ఎదురింటివాళ్లు మాది అన్యోన్య దాంపత్యం అనుకుంటున్నారు.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. "తీసినవి తొమ్మిది, ట్రేలో వేసినవి తొమ్మిది, ఆపైన మాకు తెలీదు" అన్నాడు. నోరు తెరిపించి టార్చి వేసి, గుంటలు చక్కగా మానుతున్నాయని మెచ్చుకుని పంపేశాడు.

జ్వరం వచ్చి పోతోంది. గడియారం పట్టీకి కొత్త కన్నం పొడిచాను. పాత కన్నంలో పెడితే మోచేతిదాకా జారుతోంది. మెట్లు రెండు విడతలుగా ఎక్కుతున్నాను. నాన్న చివరి రోజుల్లో మెట్ల మధ్యలో ఆగి, గోడమీది క్యాలెండరు చూస్తున్నట్టు నటించేవాడు చూడు, నిన్న నేనూ అదే చేశాను. నాకు భయంగా ఉందక్కా. వెక్కిరించడం తర్వాత కూడా కుదురుతుంది, ఇప్పుడు కాస్త నమ్ము.

నీ తమ్ముడు

తా.క. మా మెట్ల దగ్గర క్యాలెండరు లేదు. కరెంటు మీటరు చూశాను.


శనివారం

తమ్ముడికి,

ఈసారికి సగం ఆశీస్సులే.

మీ షాపు ఎదురుగా ఉన్న కొట్టతనికి ఉత్తరం రాశాను. "ఈ మనిషికి సిగరెట్లు అమ్మితే మీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను" అని హెచ్చరించాను. గుర్తుపట్టడానికి నీ ఫోటో కూడా జత చేశాను.

ఇంకోసారి పన్ను అని రాశావంటే నీ ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతాను. అంత భయంగా ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించుకో. అందులో పన్ను కనిపించకపోతే నిజం ఒప్పుకుని, నాన్న ఫోటో ముందు చెవులు పట్టుకుని నిలబడాలి. సరేనా?

అక్క

తా.క. నిజంగానే మెట్ల మధ్యలో ఆగుతున్నావా? ఎన్నో మెట్టు దగ్గర?


శుక్రవారం

అక్కకు,

ఏడో మెట్టు దగ్గర.

నువ్వు పంపింది నా పెళ్లినాటి ఫోటో. కొట్టతను దాన్ని గల్లాపెట్టె పైన అంటించి, నన్ను పిలిచి "మీ అబ్బాయిని కాస్త అదుపులో పెట్టుకోండి మాస్టారూ" అన్నాడు. జుట్టూ పళ్లూ ఉన్నవాడు నేనే అని చెప్పడానికి సిగ్గేసి తలూపి వచ్చేశాను.

ఎక్స్‌రే తీయించుకున్నాను. కుడి ఊపిరితిత్తి అడుగున మచ్చ ఉంది.

ఛాతీ డాక్టరు చాలాసేపు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. సిగరెట్లు తాగుతారా అంటే, పదకొండేళ్ల కిందట మానేశానన్నాను. ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉందా అంటే, నాన్న సంగతి చెప్పాను. ఆయన ఏదో రాయడం మొదలుపెట్టాడు. అప్పుడు తొమ్మిదీ ఎనిమిదీ లెక్క చెప్పాను. పెన్ను కింద పెట్టి, "లెక్క ఖాయమేనా?" అన్నాడు. "నలభై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదండీ" అన్నాను.

"అయితే అది పన్నే కావచ్చు. ఈ మందులతో జ్వరం తగ్గనివ్వండి, పదిహేను రోజుల్లో గొట్టం వేసి తీద్దాం. పళ్ల లెక్క సరిపోయి ఉంటే మాత్రం మిమ్మల్ని రేపే చేర్చుకునేవాణ్ని" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. నీ మరదలు నా చెయ్యి వదల్లేదు.

ఆ పన్ను తప్పిపోవడం ఎంత అదృష్టమో ఇప్పుడు తెలిసింది. నా ప్రాణాలన్నీ దానిమీదే పెట్టుకుని కూర్చున్నాను.

నీ తమ్ముడు

తా.క. పన్ను అని మళ్లీ రాశాను. ఎర్రసిరా సిద్ధం చేసుకో.


ఆదివారం

తమ్ముడూ,

ఇది చదవడం పూర్తికాకపోయినా ఫరవాలేదు, లేచి డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆ పన్ను నా దగ్గరుంది.

నిన్ననే మూడుసార్లు ఫోను చేశాను. నీ దగ్గు వినగానే మూడుసార్లూ పెట్టేశాను. అందుకే కొరియర్‌లో పంపుతున్నాను.

ఆరోజు నీకు పొలమారింది. నీకు నీళ్లిచ్చి, డాక్టరు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడు. నువ్వు కళ్లు మూసుకుని ఉన్నావు. ట్రేలో మూల చెక్కుకుపోయిన ఆ పన్ను కనబడింది. నీకు తొమ్మిదేళ్లప్పుడు అరుగుమీంచి నిన్ను తోసింది నేను. నోరంతా రక్తంతో "నేనే పడ్డాను నాన్నా" అన్నది నువ్వు. యాభై ఏళ్లుగా నువ్వు నవ్వినప్పుడల్లా ఆ మూల నాకు కనబడుతూనే ఉంది. దాన్ని చెత్తబుట్టపాలు చేయడానికి మనసొప్పలేదు. రుమాల్లో చుట్టి సంచిలో వేసుకున్నాను. మళ్లీ విప్పి చూడలేదు.

అది నా దగ్గరుందని తెలుసు కనుకే, నీ లోపల లేదని అంత గట్టిగా చెప్పాను. దొంగతనం చేశానని చెప్పుకోలేక నిన్ను దొంగని చేశాను. ఎంత మందిని బెంచీ ఎక్కించానో, నన్ను ఎక్కించేవాళ్లు లేకపోయారు.

ఆ మచ్చ పన్ను కాదురా. ఇంక నేను రాయలేను.

అక్క

తా.క. రుమాలు కూడా పెట్టాను. నీ ముందుకు రావడానికి మొహం చెల్లడం లేదు. నువ్వు రమ్మంటే మాత్రం మరుక్షణం బస్సెక్కుతాను.


శనివారం, ఆసుపత్రి

అక్కకు,

ఇప్పుడే సూది వేసి వెళ్లారు. ఇంకో గంటదాకా నన్నెవరూ కదపరు, కనుక తీరిగ్గా రాస్తాను.

సోమవారం నీ రుమాలు విప్పి, ఆ పన్నును మిగతా ఎనిమిదింటి పక్కన పెట్టాను. లెక్క సరిపోయింది. లెక్క సరిపోయినందుకు నేను ఏడవడం నలభై ఏళ్లలో అదే మొదటిసారి. నీ మరదలు ఆసుపత్రికి బట్టలు సర్దుతూ ఉంటే, ఊరికే కూర్చోలేక, అలవాటు చొప్పున కంటికి భూతద్దం పెట్టుకున్నాను.

ఎనిమిదింటి వేర్లూ కొనదాకా సన్నబడి ఉన్నాయి. నువ్వు దాచినదాని వేరు సగంలో ఆగిపోయింది. విరిగిన చోటు పచ్చిగా, తెల్లగా ఉంది.

దాన్ని గుప్పిట్లో పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తానంటే, దిగేటప్పుడు కూడా ఏడో మెట్టు దగ్గర ఆగాననుకో. మర్నాడు గొట్టం వేసి తీశారు. చిన్న ముక్క, మేకు తల కన్నా చిన్నది. ఇన్నాళ్లూ పన్ను నీ దగ్గర, దాని వేరు నా దగ్గర ఉన్నాయన్నమాట.

అది ట్రేలోనే ఉండి ఉంటే డబ్బా తెరిచిన రోజే నేను విరిగిన చోటు చూసి ఉండేవాణ్నన్న మాట నీకు ఎలాగూ తడుతుంది. తట్టినప్పుడు ఇది కూడా గుర్తుంచుకో. నువ్వు పంపకపోతే నేనెప్పటికీ చూసేవాణ్ని కాదు.

చీము పట్టిన ఆ అడుగుభాగం కోలుకుంటుందో లేదో డాక్టరు మాటివ్వలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. వేరు చూపించి, "ఇది పళ్ల డాక్టరు నిర్వాకం. లోపల దారంతా ఉన్న మసి మాత్రం మీదే" అన్నాడు. అక్కడ కాస్త తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చే శుక్రవారం వస్తుంది.

రోజుకు రెండక్కా. నాన్నకు మాటిచ్చిన మరుసటి ఏడాదినుంచే. షాపు వెనక కిటికీ దగ్గర, చొక్కా విప్పి ముందుగదిలో మేకుకు తగిలించి మరీ తాగి, తర్వాత చేతులకు నూనె రాసుకునేవాణ్ని. డాక్టరు ఆ మాట అన్నప్పుడు నీ మరదలు పక్కనే ఉంది. అప్పటినుంచీ నాతో మాట్లాడటం లేదు, వాసన చూడటం కూడా మానేసింది.

శుక్రవారం నాకు భయం. ఆరోజు డాక్టరు గదిలో నా పక్కన నువ్వు కూర్చోవాలి. బస్సెక్కు.

నీ తమ్ముడు

తా.క. షాపు కిటికీ దగ్గర దాచిన సిగరెట్ల ప్యాకెట్టును తెప్పించి, నీ రుమాల్లోనే చుట్టి పంపుతున్నాను. పన్ను దాచిన చోటే దాచు. లోపల ఏడున్నాయి, అందిన వెంటనే లెక్కపెట్టుకో.